వందేళ్ల భవనం పక్కన కొత్త విశ్వవిద్యాలయ భవనం: గుమ్మటాలు పెట్టాలా?

ప్రశ్న అడిగినవారు ఒక విశ్వవిద్యాలయ భవన కమిటీలో సభ్యులు. వందేళ్ల నాటి పాత భవనం పక్కనే మూడంతస్తుల కొత్త అకడమిక్ బ్లాకు కట్టాలి. కమిటీలో పెద్దలు "మన వారసత్వం కనిపించాలి" అంటున్నారు. విద్యార్థి ప్రతినిధులేమో "మళ్లీ కమాన్లూ గుమ్మటాలేనా?" అంటున్నారు. ఇద్దరినీ ఒప్పించేలా డిజైన్ ఎలా చేయించాలి, రెండు భవనాల మధ్య ఉన్న పెద్ద చెట్టును ఏం చేయాలి అన్నది వారి సందేహం.

నేను ఆర్కిటెక్టుని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అందులో సగానికి పైగా కాలేజీలు, లైబ్రరీలు, హాస్టళ్లే.

ముందు సూటిగా జవాబు. గుమ్మటాలు పెట్టకండి. పాత భవనం ఎలా కనిపిస్తోందో కాసేపు పక్కన పెట్టి, అది ఏం పని చేస్తోందో చూడండి. నీడ ఎక్కడ పడుతోంది, గాలి ఎటునుంచి వస్తోంది, మనుషులు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు. ఆ పనులన్నీ కొత్త భవనం కూడా చేయాలి, అయితే ఇప్పటి సామగ్రితో, ఇప్పటి అవసరాలకు తగ్గట్టుగా. డబ్బు ఎలివేషన్ (బయటికి కనిపించే ముఖం) మీద తగ్గించి నడవాలు, మెట్లు, మధ్య ముంగిలి మీద పెట్టండి. పెద్దలు అడుగుతున్న వారసత్వమూ, విద్యార్థులు కోరుకుంటున్న హుషారూ రెండూ దొరికేది అక్కడే. నాకు ఈ సంగతి తెలియడానికి పదేళ్లు పట్టింది, అదీ ఒక తప్పు చేశాక.

ఆ తప్పేమిటో చెబుతాను. వృత్తిలోకి వచ్చిన ఆరో ఏడు. ఒక విశ్వవిద్యాలయానికి పరిపాలనా భవనం గీశాను. అన్నీ ఖాయమయ్యాక కమిటీలో ఒక పెద్దాయన "బాగానే ఉంది గానీ మనది అనిపించడం లేదయ్యా" అన్నారు. నేను అడ్డు చెప్పలేదు. వారం తిరిగేసరికి పైన మూడు గుమ్మటాలు, ముందు ఆరు కమాన్లు వచ్చి చేరాయి. గుమ్మటాలు ఫైబర్‌వి. కమాన్లు బీముకు వేలాడదీసిన ప్లాస్టర్ బోర్డువి. రెండో వానాకాలానికే గుమ్మటం అంచు శ్లాబును తాకే చోట నీళ్లు దిగడం మొదలైంది. ఇంతకీ నడిమి గుమ్మటం కింద ఉన్నది నీళ్ల ట్యాంకు. పిల్లలు ఆ భవనానికి 'ట్యాంక్ మహల్' అని పేరు పెట్టారు. శిలాఫలకం మీద ఉన్న అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

కమాను అంటే బరువు మోసేది. రాళ్లో ఇటుకలో ఒకదాన్నొకటి ఒరుసుకుని, పైబరువును పక్కలకు తోసి కిందికి దింపుతాయి. బీముకు వేలాడే కమాను ఏమీ మోయదు. వేలితో తడితే డొల్లగా మోగుతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కాలేజీలో చేరిన మొదటి రోజే దాన్ని తట్టి చూస్తాడు. మన వారసత్వం గురించి ఆ భవనం వాడికి నేర్పే మొదటి పాఠం ఏమిటో మీరే ఆలోచించండి.

అలాగని కమానే తప్పు అనను. అహ్మదాబాద్ ఐఐఎం చూడండి. 1962లో అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ మొదలుపెట్టిన పని అది. అందులో ఇటుక కమాన్లే కమాన్లు. కానీ ఒక్కటీ అలంకారం కోసం లేదు. కమాను పక్కలకు తోసే బలాన్ని అడుగున ఒక కాంక్రీటు పట్టీ బిగించి పట్టుకుంటుంది. ఇటుక ఏం చేస్తోందో, కాంక్రీటు ఏం చేస్తోందో దారినపోయేవాడికి కూడా కనిపిస్తుంది. పాత పద్ధతి, కొత్త పదార్థం రెండూ పనిలో ఉన్నాయి. దొంగతనం లేదు.

ఈ మాట అనగానే ఎవరో ఒకరు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని ఎదురు చూపిస్తారు. చూపించాల్సిందే. 1934లో శంకుస్థాపన జరిగి 1939లో ప్రారంభమైన ఆ భవనానికి బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ రూపమిచ్చారు. అంతకు ముందే ఇద్దరిని పలు దేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. గుహాలయాల స్తంభాల్ని తలపించే స్తంభాలు, ఇస్లామిక్ కమాన్లు ఒకే ముఖద్వారంలో కనిపిస్తాయి. అయితే అది ఫలానా పాత కట్టడానికి నకలు కాదు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పడానికి పుట్టిన కొత్త రకం విశ్వవిద్యాలయానికి కొత్త ముఖం కావాలని తలచి, గులాబీ రంగు గ్రానైటు మీద చెక్కించిన పని. అంత రాయి, అంతమంది శిల్పులు, అన్నేళ్ల వ్యవధి మీ బడ్జెట్‌లో ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. లేనప్పుడు దాన్ని ఫైబర్‌లో పోతపోస్తే మిగిలేది నా ట్యాంక్ మహలే.

వారసత్వ కట్టడాల సంరక్షణ మీద 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. పాతదానికి కొత్తగా ఏదైనా చేర్చాల్సి వస్తే అది తన కాలపు ముద్రతో ఉండాలి. పోయిన భాగాల్ని పూడ్చినప్పుడు మొత్తంతో కలిసిపోవాలి, అదే సమయంలో ఏది అసలో ఏది తర్వాతిదో తెలియాలి. మీ కమిటీలో "పాతదానిలాగే కట్టడమే గౌరవం" అనేవారు ఉంటే వారికి ఈ సంగతి చెప్పండి. పాతదాన్ని అచ్చుగుద్దితే పాతదాని విలువే తగ్గుతుంది. ఏది అసలో ఏది నకలో తెలియని చోట రెంటి మీదా నమ్మకం పోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? డ్రాయింగ్ బోర్డు దగ్గర కాదు. రెండు రోజులు పాత భవనంలో ఊరికే కూర్చోండి. ఆర్కిటెక్టును కూడా కూర్చోబెట్టండి. ఇది నా షరతుగా పెట్టుకున్నాను, ఇప్పుడు ఎవరి పని ఒప్పుకున్నా.

ఒకసారి అలాగే ఒక పాత కాలేజీ భవనంలో కూర్చున్నాం, నేనూ నా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలూ. ప్లాను కాగితం మీద గంటకోసారి ఎవరు ఎక్కడ కూర్చున్నారో చుక్కలు పెట్టుకుంటూ పోయాం. సాయంత్రానికి చూస్తే చుక్కలన్నీ ఒకే చోట గుంపుగా ఉన్నాయి. తూర్పు మెట్ల పక్కన గోడ అడుగున ఉండే పీఠం రాయి మోకాలి ఎత్తున బయటికి పొడుచుకు వచ్చి ఉంది, అక్కడ. దాన్ని కూర్చోవడానికని ఎవరూ కట్టలేదు. గోడ మందం మారే చోట మిగిలిన అంచు అది. మిగతా రాయంతా గరుకుగా ఉంటే ఆ మూడు గజాలు మాత్రం చేత్తో రుద్దినట్టు నున్నగా అయిపోయింది. మెట్ల నడిమి భాగం పళ్లెంలా అరిగింది. ముప్పై ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న అటెండర్‌ను అడిగితే "మూడున్నర దాటాక నీడ అక్కడికే వస్తుంది సార్, పైగా క్లాసుల్లోంచి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అందరూ కనబడతారు" అన్నాడు. నాకు కావాల్సిన డిజైన్ బ్రీఫ్, అంటే భవనం ఏం చేయాలో చెప్పే పట్టీ, ఆ ఒక్క వాక్యంలో ఉంది. నీడ, కూర్చునే అంచు, వచ్చేపోయేవాళ్లు కనబడడం. ఆ భవనం నాలుగు తరాలకు ఇచ్చింది అది. దాని తలమీది కిరీటం ఫొటోల కోసం.

కొత్త భవనంలో మేం చేసిందల్లా ఆ అంచును సాగదీయడమే. నేల అంతస్తు చుట్టూ 450 మిల్లీమీటర్ల ఎత్తున రాతి అరుగు పెట్టాం. కుర్చీ ఎత్తు కూడా అదే, ఎవరైనా సుఖంగా కూర్చుంటారు. అరుగు పైన 3 మీటర్ల లోతు వరండా. బయటి నుంచి చూస్తే సన్నటి కాంక్రీటు స్తంభాలు, ఒక్క కమాను లేదు. కానీ ప్రారంభోత్సవానికి వచ్చిన పాత విద్యార్థుల్లో ఒకావిడ అరుగు మీద చేయి వేసి "ఇది మన తూర్పు మెట్ల దగ్గరి రాయి కదా" అన్నారు. మేం ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి.

కూర్చోవడం అయ్యాక కొలవండి. స్తంభానికి స్తంభానికి మధ్య దూరం, పీఠం ఎత్తు, కిటికీ అడుగు అంచు, పై అంచు, వరండా లోతు, పైకప్పు ఎత్తు. పాత, కొత్త భవనాలు అన్నదమ్ముల్లా కనిపించాలంటే నగలు పంచుకోనక్కర్లేదు, ఒడ్డూ పొడుగూ కలిస్తే చాలు. నేను చెప్పిన ఆ పనిలో పాతదాని స్తంభాల మధ్య దూరం 3.6 మీటర్లు. కొత్తదానికీ అదే తీసుకున్నాం. పీఠం ఎత్తు కూడా అంతే ఉంచాం కాబట్టి పాత వరండాలోంచి కొత్త వరండాలోకి ఒక్క మెట్టు కూడా లేకుండా నడిచి పోవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి వేరే ర్యాంపు వెతుక్కునే పని తప్పింది. (ర్యాంపు తప్పని చోట 1:12 కంటే, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కంటే, నిటారుగా పెట్టనివ్వకండి. కాంట్రాక్టర్లు చోటు చాలలేదని 1:8కి దింపేస్తారు, చేతులతో చక్రం తోసుకుంటూ చాలామంది ఎక్కలేరు.)

పైకప్పు ఎత్తు గురించి ఒక మాట. పాత గదులు అంత ఎత్తుగా ఎందుకున్నాయంటే దర్పం కోసమని చాలామంది అనుకుంటారు. వెలుతురు లెక్క వేరే కథ చెబుతుంది. పగటి వెలుతురు గదిలోకి పనికొచ్చేంతగా చేరే లోతు, కిటికీ పై అంచు ఎత్తుకు సుమారు రెండు నుంచి రెండున్నర రెట్లు. కిటికీ పై అంచు 2.4 మీటర్ల దగ్గర ఆగిపోతే వెలుతురు 5, 6 మీటర్ల దాకానే వస్తుంది. ఆపై వరుసల్లో పిల్లలు పట్టపగలు ట్యూబులైట్ల కింద కూర్చోవాలి. అదే పై అంచు 3.6 మీటర్లకు పెంచితే 7 నుంచి 9 మీటర్లు. పాతకాలపు మేస్త్రీలకు ఈ సూత్రం తెలుసో లేదో గానీ కిటికీ మీద కిటికీ పెట్టడం తెలుసు. కొత్త భవనంలో ఫాల్స్ సీలింగ్ వేసి ఆ పై కిటికీని మూసేయడం నేను లెక్కలేనన్ని చోట్ల చూశాను.

ఇప్పుడు అసలు ఖర్చు ఎక్కడ పెట్టాలన్న విషయానికి వస్తాను. విద్యాభవనాల్లో మొత్తం నిర్మాణ వైశాల్యంలో గదులకు దక్కేది దాదాపు 60 నుంచి 65 శాతం. మిగతాది నడవాలు, మెట్లు, గోడల మందం, మరుగుదొడ్లు, పైపులూ వైర్లూ పోయే డక్టులు. ఎస్టిమేట్ చూసే ప్రతి ఆఫీసరూ ఆ మిగతాదాన్ని 'వేస్టు' అంటారు, కోయమంటారు. నా లెక్కలో ఆ మిగతాదే విశ్వవిద్యాలయం. గదిలో పాఠం నడుస్తుంది, నిజమే. కానీ ఫిజిక్స్ చదివేవాడు చరిత్ర చదివే అమ్మాయితో వాదన వేసుకునేది గది బయటే. పాఠం అయిపోయాక అర్థం కాని ముక్క కోసం టీచరును పట్టుకునేదీ గుమ్మం దగ్గరే.

బెంగళూరు ఐఐఎం ఈ విషయంలో నాకు గురువు లాంటిది. ఆర్కిటెక్టు బి.వి.దోషి గీశారు, 1970ల చివర్లో నిర్మాణం మొదలైంది. ఆయనకు స్ఫూర్తి ఫతేపూర్ సిక్రీ. అయితే అక్కడి ఛత్రీలనో (స్తంభాల మీది చిన్న గుమ్మటాలు) తోరణాలనో తెచ్చి అతికించలేదు. ముంగిలి, దానికి ఆనుకుని నడవా, మళ్లీ ముంగిలి అంటూ సాగే ఆ అల్లికను తెచ్చుకున్నారు. గోడలు స్థానికంగా దొరికే బూడిదరంగు గ్రానైటువి. నడవాలు కొన్నిచోట్ల మూడంతస్తుల ఎత్తు. కొంతదూరం పైకప్పు ఉంటుంది, కొంతదూరం పందిరిలా బీములే ఉంటాయి, వాటిమీద తీగలు. ఎండ పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా నేలమీద గీతలు గీస్తుంది. తరగతికి పోవడానికి దారి ఒకటే కాదు, నాలుగైదు. నడిచే ప్రతిసారీ ఏదో ఒకటి వేరుగా కనబడుతుంది. దానిలో ఫతేపూర్ సిక్రీ ఎక్కడుందో ఫొటో తీసి చూపించలేం. నడిస్తే తెలుస్తుంది.

"మా దగ్గర అంత స్థలం, సొమ్ము లేవు" అంటారు. నాకూ ఎప్పుడూ లేవు. ఒక పనిలో ఫైనాన్స్ ఆఫీసరు నడవా 2.4 మీటర్లు చాలన్నారు. నాకు 3.6 కావాలి. 60 మీటర్ల పొడవు మీద తేడా 1.2 మీటర్లు. అంటే అంతస్తుకు 72 చదరపు మీటర్లు, మూడు అంతస్తులకు 216. వారి గదుల జాబితాలో 'స్టూడెంట్ లాంజ్' అని 200 చదరపు మీటర్ల గది ఉంది. దాన్ని కొట్టేయమన్నాను. ఎందుకంటే తాళంచెవి ఆఫీసులో ఉండే లాంజ్‌లోకి ఎవరూ పోరు. ఆ వైశాల్యాన్ని నడవాలోకి కలిపేశాం. ఒక పక్కన కిటికీల కింద బల్లవరుస, ప్రతి రెండు స్తంభాలకూ ఒక ప్లగ్ పాయింటు, గోడకు నల్లబల్ల పెయింటు. లాంజ్ పోయిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పరీక్షల ముందు రాత్రి ఆ నల్లగోడ మీద ఖాళీ ఉండదు.

మెట్ల విషయంలో కూడా ఇంతే. లిఫ్టు ఎదురుగా, మెట్లు మూలన పొగను ఆపే తలుపు వెనకాల పెడితే మెట్లు చీకటి గుహ అవుతాయి. మెట్లను ముంగిలి పక్కకు తెచ్చి, ఒక్కో మెట్టు ఎత్తు 150, కాలు పెట్టే చోటు వెడల్పు 300 మిల్లీమీటర్లు ఉంచి, మలుపు దగ్గర ల్యాండింగును కాస్త పెంచి అక్కడొక కిటికీ, కిటికీ కింద కూర్చునే అంచు పెట్టండి. అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం మూసిన మెట్లు వేరే ఉండాలి, అవి ఉంటాయి. వాటినే ప్రధాన మెట్లుగా వాడించకండి.

ఇక అలంకారం. పెద్దలకు అలంకారం కావాలి, అది తప్పు కోరిక కాదు. నేను అడిగేది ఒక్కటే, అలంకారం కూడా ఒక పని చేయాలి. దీనికి ప్రపంచంలో మంచి ఉదాహరణలు విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నాయి. మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయం గ్రంథాలయం తీసుకోండి, 1950లలో ఆర్కిటెక్టు, చిత్రకారుడు హువాన్ ఓగోర్మన్ చేసినది. పుస్తకాల బీరువాలుండే అంతస్తులకు ఎండ పనికిరాదు, కిటికీలు అక్కర్లేదు. దాంతో నాలుగు పక్కలా పెద్ద పెద్ద ఖాళీ గోడలు మిగిలాయి. ఆ గోడల మీద, దాదాపు 4,000 చదరపు మీటర్ల మేర, దేశంలో వేర్వేరు చోట్ల నుంచి ఏరితెచ్చిన సహజ రంగురాళ్లతో మెక్సికో చరిత్రంతా పొదిగారు. రంగు రాయిదే కాబట్టి వెలిసిపోదు. కిటికీ వద్దన్న అవసరం నుంచి పుట్టింది కాబట్టి ఆ బొమ్మ అతికించినట్టు ఉండదు.

వెనిజులా రాజధాని కరాకస్‌లోని విశ్వవిద్యాలయ సభామందిరం ఇంకా చిత్రమైనది. కార్లోస్ రౌల్ విల్లనువేవా గీశారు. పైకప్పుకు శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన రంగురంగుల 'మేఘాలు' వేలాడుతుంటాయి. చూసేవారికి అది శిల్పం. ధ్వని ఇంజినీర్లకు అది మాటను సభలోని వారి చెవులకు సరిగ్గా చేర్చే పరికరం. ఒకే వస్తువు రెండు పనులు చేస్తోంది. ఈ రెండు ప్రాంగణాలూ ఇప్పుడు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. కట్టిన రోజున మాత్రం రెండూ పూర్తిగా కొత్త భవనాలే.

సామగ్రి దగ్గర ఇంకో దారి ఉంది. చైనాలో హాంగ్‌జౌ దగ్గర చైనా అకాడమీ ఆఫ్ ఆర్ట్ వారి షియాంగ్‌షాన్ ప్రాంగణానికి ఆర్కిటెక్టు వాంగ్ షూ, కూల్చేసిన పాత ఇళ్ల పెంకులు ఇరవై లక్షలకు పైగా తెప్పించి వాడారు. పెంకు పాతదే, కప్పు ఆకారం కొత్తది. మీ ప్రాంగణంలో కూల్చాల్సిన షెడ్లో, గోడలో ఉంటే ఆ రాయి, కలప, పెంకులు ముందే లెక్కరాయించి టెండరులో 'జాగ్రత్తగా విప్పి పేర్చాలి' అని షరతు పెట్టండి. టెండరులో రాయకపోతే కూల్చినవాడు ట్రాక్టరుకెత్తి అమ్మేసుకుంటాడు. ఇది నాకు రెండుసార్లు జరిగింది.

రాయి, పెంకులతో పాటు చేతిపని కూడా వారసత్వమే. ఒకచోట ఇటుక జాలీ గోడ గీశాను. ఇటుకకు ఇటుకకు మధ్య సగం ఇటుక సందు. మేస్త్రీ సిమెంటు కలపకుండా నాలుగు వరుసలు పొడిగా పేర్చి, గొంతుక్కూర్చుని సందుల్లోంచి చూసి, "జల్లు కొడితే నీళ్లు తిన్నగా లోపలికి వస్తాయండి. ఇటుకను బయటికి వాల్చి పెడదాం, వేలెడంత" అన్నాడు. ఆ వాలు నా డ్రాయింగులో లేదు. రాత్రికి రాత్రి మార్చి గీశాను. ఈ గోడ నీడ కూడా ఆ వాలు వల్లే అందంగా పడుతుందని తర్వాత తెలిసింది. అందుకే పని మొదలయ్యే ముందు 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు నమూనా గోడ కట్టించి చూడమంటాను. అక్కడ మేస్త్రీ మాట వినడానికి ఆర్కిటెక్టుకు తీరిక ఉండాలి.

ఎవరి వారసత్వం అన్న ప్రశ్న కూడా కమిటీలో ఎవరో ఒకరు లేవనెత్తాలి. లేవనెత్తకపోతే పదేళ్లకు విద్యార్థులే లేవనెత్తుతారు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం ఆ దేశ మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఆలోచన. పచ్చిక మైదానానికి రెండు పక్కలా ఆచార్యుల ఇళ్లు, మధ్య మధ్య విద్యార్థుల గదులు, తలవైపున ప్రార్థనా మందిరం ఉండాల్సిన చోట గ్రంథాలయం. చదువు గురించి ఒక మాటను ప్లానుతోనే చెప్పిన అరుదైన చోటు. కానీ దాన్ని కట్టడంలో, నడపడంలో చెమటోడ్చింది బానిసలుగా ఉంచబడిన మనుషులు, అంచనా ప్రకారం సుమారు 4,000 మంది. వారి కోసం 2020లో అదే ప్రాంగణంలో గ్రానైటు వలయంతో స్మారకం కట్టారు. పేర్లు తెలిసినవారి పేర్లు చెక్కారు. పేరు తెలియనివారికి రాయి మీద ఒక్కో గాటు పెట్టారు. అందమైన ప్లానునూ కూల్చలేదు, జరిగినదాన్నీ దాచలేదు. మీ పాత భవనానికి అలాంటి చరిత్ర ఉండొచ్చు, లేకపోవచ్చు. కనీసం ఎవరు కట్టారో, ఎవరికి ఒకప్పుడు ప్రవేశం లేదో వెతికించండి. అప్పుడు శిలాఫలకం మీద ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

స్ఫూర్తి పుట్టాలని గోడలనిండా మహానుభావుల సూక్తులు రాయించే ఆలోచన ఉంటే మానుకోండి. రెండో వారం నుంచి ఎవరికీ కనబడవు.

పేరున్న భవనాల్ని కూడా పాడుచేసేవి చిన్న విషయాలే. మొదటిది ప్రతిధ్వని. రాయి, గాజు, ఎత్తైన కప్పు కలిస్తే మాట మాటను మింగేస్తుంది. మామూలు తరగతి గదిలో చప్పుడు ఆగాక దాని మోత 0.6 సెకన్లకు మించి సాగకూడదన్నది ఒప్పుకున్న ప్రమాణం. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం సాగితే కప్పుకో వెనక గోడకో శబ్దాన్ని పీల్చే పలకలు వేయాలి. రెండోది పడమటి గాజు. 'ఆధునికంగా' ఉండాలని పడమటి గోడంతా గాజు పెడితే మధ్యాహ్నం నుంచి కర్టెన్లు దించే ఉంటాయి, ఇక గాజెందుకు? మూడోది నేను ఇందాక చెప్పిన ప్లగ్ పాయింట్లు. నవ్వకండి. ల్యాప్‌టాప్ ఛార్జి పెట్టుకునే చోటు లేని ముంగిలి ఎంత అందంగా ఉన్నా పది నిమిషాల ముంగిలే.

పాత, కొత్త కట్టడాలు కలిసే చోట మాత్రం జాగ్రత్త. కొత్త పునాదికి తవ్వకం పాత పునాది కంటే లోతుకు పోతుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పాత గోడల పరిస్థితి రాయించి, ఉన్న పగుళ్లకు అడ్డంగా గాజు పట్టీలో గేజీలో అతికించండి. పట్టీ విరిగితే గోడ కదిలినట్టు. రెండు భవనాల్నీ గోడకు గోడ ఆనించకుండా కనీసం 3 మీటర్లు వదిలి తేలికపాటి వంతెన వరండాతో కలపడం నాకు ఇష్టం. ఒకటి కుంగినా రెండోదాన్ని లాగదు. పైగా ఆ సందులోంచి పాత భవనం పక్కగోడ పూర్తిగా కనబడుతుంది. పాత సున్నపు గోడల మీద సిమెంటు పూత వేయనివ్వకండి. సున్నం లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు బంధించేస్తుంది. కొన్నేళ్లకు ఉప్పు పొంగి ఇటుక పొట్టులా రాలుతుంది. మరమ్మతు సున్నంతోనే చేయించండి. భవనం చట్టపరంగా రక్షిత కట్టడమైతే గీత గీయకముందే అనుమతుల సంగతి తేల్చుకోండి, తర్వాత అయితే మొత్తం మళ్లీ గీయాలి.

కమిటీని ఒప్పించడం ఎలా అని అడిగారు. వాదించి గెలవడం కష్టం. ఆర్కిటెక్టులు తెచ్చే రంగుల త్రీడీ బొమ్మలు పక్కన పెట్టించి సెక్షన్ డ్రాయింగు అడగండి. అంటే భవనాన్ని నిలువునా కోస్తే కనిపించే బొమ్మ. అందులో ఎండ ఎంతవరకు వస్తుంది, కూర్చున్న మనిషికి ఏం కనబడుతుంది, పాత వరండా, కొత్త వరండా ఒకే మట్టంలో ఉన్నాయా అన్నవి దాచలేరు. బాగా గీసిన ఎలివేషన్ వెనక చెత్త భవనం దాక్కోగలదు, సెక్షన్‌లో దాక్కోలేదు. రెండోది, ఒక సమావేశాన్ని పాత భవనం వరండాలోనే, ఎండ మండే వేళ పెట్టండి. గుమ్మటం కావాలన్న పెద్దలకు చల్లగా ఉన్నది ఏదో, ఎందుకో ఒంటికే తెలుస్తుంది. నేను ఇలా చేసిన ఒకచోట గుమ్మటాల ప్రస్తావన మళ్లీ రాలేదు. ఇంకోచోట వచ్చింది, చివరికి మెట్లమీద వెలుతురు పడేలా ఒకే ఒక్క పైగవాక్షం దగ్గర రాజీపడ్డాం. అదీ బాగానే కుదిరింది, ఒప్పుకోవాలి.

చివరిగా మీ చెట్టు. ఉంచండి. అయితే 'చెట్టు ఉంచాలి' అని మినిట్స్‌లో రాసుకుంటే ఉండదు. కొమ్మల గొడుగు నేలమీద ఎంతవరకు పరుచుకుంటుందో అంతవరకు, వీలైతే ఇంకాస్త బయటికి, పని మొదలైన మొదటి రోజే కంచె వేయించండి. వేళ్లలో ఎక్కువ భాగం పైపొర మట్టిలోనే ఉంటాయి. కంకర లారీలు రెండు నెలలు దానిమీద తిరిగితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. చెట్టు వెంటనే చావదు, మూడు నాలుగేళ్లకు ఎండుతుంది, అప్పటికి బిల్లులన్నీ తీరిపోయి ఉంటాయి. మొదలు చుట్టూ మట్టి పోసి మట్టం పెంచినా అంతే. ఒక పనిలో చెట్టు కోసం భవనం మూలను 4 మీటర్లు లోపలికి నొక్కాల్సి వచ్చింది, రెండు ఆచార్యుల గదులు పోయాయి. గదులు పోయినవారు నాతో ఏడాది పాటు మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్లు ఆ నొక్కులో చెట్టు కింద వేసిన రాతిబల్ల మీదే వైవా పెడుతున్నారు.